చిప్ప చేతికొచ్చింది

మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడ్డం మొదలుపెడితే మా ఈడు ఆడవాళ్ళకు అంతూ పొంతూ ఉండదని మావారి ఫిర్యాదు. అందుకని ఆ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మొన్న వైశాఖంలో డాబా మెట్లు దిగుతూంటే కుడి మోకాలు కలుక్కుమంది. డాక్టరుగారు కాలు అటూ ఇటూ వంచి చూసి, ఎక్సరే తీయించి, "ఏం ఫరవాలేదమ్మా, చిప్ప కింద కాస్త అరిగింది. నేలమీద కూచోవడం మానెయ్యండి" అన్నారు. అంతే. మోకాలి కథ ఇక్కడితో సమాప్తం. చిప్ప కథ మాత్రం ఇక్కడే మొదలైంది.

వేసవి సెలవులకు హైదరాబాదునుంచి వచ్చిన మా మనవరాలు ఈ మాట విని, అసలే ఆల్చిప్పల్లాంటి కళ్ళు మరింత పెద్దవి చేసుకుని, "మోకాల్లో కూడా చిప్ పెడతారా అమ్మమ్మా?" అంది. దాని లెక్కలో చిప్ అంటే ఫోన్లో ఉండేది, లేకపోతే పొట్లంలోంచి తీసి కరకరా నమిలేది.

"చిప్ కాదే తల్లీ, చిప్ప."

"చిప్పంటే?"

చెప్పబోయి ఆగిపోయాను. యాభై ఏళ్ళుగా వంటింట్లో, గుళ్ళో, వీధిలో వింటున్న మాటే. అయినా ఠక్కున ఒక అర్థం చెప్పమంటే నోట్లోంచి రాదు. మీరూ ఓసారి ప్రయత్నించి చూడండి.

సముద్రపొడ్డున ఏరుకునేది చిప్ప. మా ఒంగోలు వాళ్ళకు సముద్రమంటే కొత్తపట్నమే. చిన్నప్పుడు తీసుకెళితే గౌను జేబుల నిండా చిప్పలు నింపుకుని, ఇంటికొచ్చేసరికి ఇసకా నీచు వాసనా తప్ప మరేమీ మిగలక ఏడ్చేవాళ్ళం. లోపల మెత్తటి ప్రాణి, పైనా కిందా తలుపు రెక్కల్లా రెండు పెంకులు. ఒక్కో పెంకూ ఒక్కో చిప్ప. అందులో అదృష్టవంతురాలైతే ముత్యపుచిప్ప.

దేవుడి ముందు కొట్టిన కాయ రెండు ముక్కలైతే అవీ చిప్పలే. పైజిల్లాల వాళ్ళు కొబ్బరిచిప్ప అంటే, మా వైపు టెంకాయచిప్ప అంటారు. నిమ్మకాయ పిండేశాక మిగిలింది నిమ్మచిప్ప. తాబేలు వీపున మోసుకు తిరిగేది తాబేటిచిప్ప. పిల్లాడు గోడెక్కితే "దిగరా, తలచిప్ప పగుల్తుంది" అని అరుస్తాం. ఇప్పుడు నాకు అరిగింది మోకాలిచిప్ప. ముష్టివాడి చేతిలోదీ చిప్పే. జైలుకెళ్ళినవాడు తినేది చిప్పకూడు. ఆస్తి అంతా పోగొట్టుకున్నవాడి గురించి లోకం అనే మాట ఒకటుంది, అది తర్వాత చెబుతాను.

ఆశ్చర్యం కాదూ? గుళ్ళో చేతిలో పెడితే ప్రసాదం. వీధిలో చేత పడితే అవమానం. సముద్రంలో ఉంటే ముత్యానికి పుట్టిల్లు. ఒంట్లో ఉంటే ఎముక. అన్నిటికీ మాట ఒక్కటే.

నా తంటాలు చూసి మావారు పేపరు మడిచారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. మాటకి అర్థమడిగితే ఆయన చెప్పే తీరు, దాహమేసి మంచినీళ్ళడిగితే బావి తవ్వడానికి పలుగూ పారా వెదికినట్టుంటుంది. అల్మారా తెరిచి నిఘంటువులన్నీ దించారు. ఒకటి 1885లో అచ్చయిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం. మరొకటి బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు మన దక్షిణాది భాషల మాటలన్నీ పక్కపక్కన పేర్చి 1961లో వేసిన ద్రావిడ పదవ్యుత్పత్తి కోశం. మనవరాలు కూడా నోటుపుస్తకం తెచ్చుకుని బుద్ధిగా కూచుంది. సెలవుల్లో దానికి అదో వింత.

"చిప్ప మనం ఎవరిదగ్గరా అప్పు తెచ్చుకున్న మాటలా కనబడదు. మన అక్కచెల్లెళ్ళందరి ఇళ్ళల్లోనూ ఉంది" అని మొదలెట్టారాయన. తమిళంలోనూ మలయాళంలోనూ తుళులోనూ చిప్పి. తమిళంలో మరీ పాతకాలం మాట ఇప్పి. కన్నడంలో చిప్పు, సింపి. ప్రాకృతంలో సిప్పి. హిందీ వాళ్ళ సీపీ కూడా ఆ ప్రాకృతపు మాట వరసదే. సంస్కృతంలో దీన్ని శుక్తి అంటారు. నేలమీద పడున్న ముత్యపుచిప్ప మెరుపు చూసి వెండి అనుకుని వంగుతాడే మానవుడు, వేదాంతులు భ్రాంతికి చెప్పే ఉదాహరణ అదే. ఆయుర్వేదం వాళ్ళకైతే శుక్తి అంటే రెండు కర్షాల తూకం, అంటే అరపలం. ఒకళ్ళకి మాయ, ఒకళ్ళకి మందు కొలత.

"అది సరే తాతయ్యా, మోకాల్లోకి ఎలా వెళ్ళింది?" అంది పిల్ల.

"ఆకారం బట్టే! గట్టిగా ఉండాలి, బోలుగా వంపు తిరిగి ఉండాలి. అలాంటిదల్లా చిప్పే. మనిషి కుండ చెయ్యడం నేర్చుకోకముందు నీళ్ళు ముంచుకోవడానికి చేతికి దొరికింది ఏమిటి? చిప్పా, కాయడొప్పా. తర్వాత ఇత్తడి వచ్చింది, సత్తు వచ్చింది, మాట మాత్రం పాతదే మిగిలింది" అన్నారు.

నేనూ ఊరుకోలేదు. "మన తెలుగువాళ్ళకే ఈ పిసినారితనమా, ఇన్ని వస్తువులకు ఒక్క మాటతో సరిపెట్టుకోడం?" అన్నాను. ఆ మాటకోసమే కాచుకున్నట్టు ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

నా ఎక్సరే చీటీ మీద డాక్టరుగారు పటెల్లా అని రాశారు. అది లాటిన్ మాట, చిన్న పళ్ళెం అని అర్థమట. మోకాలి ఎముకకి రోమన్ల భాషలో పళ్ళెం పేరు పెట్టారన్నమాట. అక్కడితో ఆగిందా? సముద్రపు రాళ్ళకు అంటిపెట్టుకుని బతికే ఒక నత్తజాతికి 1758లో లినేయస్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు కూడా పటెల్లాయే. పళ్ళెం, మోకాలు, నత్తగుల్ల మూడూ ఒకటే! మన చిప్ప వేసిన దారినే అదీ వేసింది. లాటిన్లోనే టెస్టా అంటే పెంకు, మట్టికుండ. అది ఫ్రెంచివారి దగ్గరకొచ్చేసరికి తలకాయ అయి కూచుంది. మన తలచిప్పకు వరసకు చెల్లెలే. సంస్కృతంలో కపాలం సంగతి సరేసరి. కుండపెంకూ అదే, పుర్రే అదే, భిక్షాపాత్రా అదే. యజ్ఞంలో పురోడాశం కాల్చేది కపాలాల మీదే. శివుడు చేతబట్టి భిక్షకు తిరిగిందీ కపాలమే.

అన్నింటికన్నా నాకు నచ్చింది గ్రీకు దేశం కథ. వాళ్ళ భాషలో ఓస్ట్రకోన్ అంటే చిప్ప, కుండపెంకు కూడాను. ఎముకా, ఆల్చిప్పా వాళ్ళకి ఆ మాటకు దగ్గర చుట్టాలే. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్సు నగరంలో ఎవడైనా మరీ ప్రమాదకరంగా తయారయ్యాడనిపిస్తే, జనమంతా ఒకచోట చేరి, తలొక పెంకు మీద వాడి పేరు గీకి వేసేవారట. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడితే వాడు ఊరొదిలి 10 ఏళ్ళు బయట ఉండాల్సిందే. ఆస్తి మాత్రం ముట్టుకోరు. ఇంగ్లీషులో వెలివెయ్యడానికి వాడే మాట ఆ పెంకులోంచే పుట్టింది.

"అంటే చిప్పతో మనిషిని ఊళ్ళోంచి పంపించేవాళ్ళన్నమాట!" అంది మనవరాలు రాసుకుంటూ. తర్వాత తలెత్తి, "ఇందాక ఏదో మాట తర్వాత చెబుతానన్నావు కదా అమ్మమ్మా, ఆస్తి పోయినవాళ్ళ గురించి?" అనడిగింది.

మావారు నా వంక చూశారు. ఆయనకు తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట నా నోట వినలేదని కూడా తెలుసు.

"చిప్ప చేతికొచ్చింది అంటారమ్మా" అన్నాను.

ఆ మాట నేను మొదటిసారి విన్నది పదకొండేళ్ళప్పుడు. మా నాన్న పత్తి వ్యాపారి. పెద్ద వ్యాపారి కాదు. రైతులకు ముందుగా కాస్త డబ్బిచ్చి, తీతలు కాగానే పత్తి తీసుకుని మిల్లులకు వేసేవారు. ఆ రోజుల్లో మా నల్లరేగడి నేలల్లో వరలక్ష్మి రకం పత్తి వచ్చి, ఎకరాల కొద్దీ వేశారు. పేరు విని అమ్మ మురిసిపోయి, వరలక్ష్మి వ్రతానికి కలశం పక్కన రెండు పత్తికాయలు కూడా పెట్టేది. 1977లో నాన్న ధైర్యం చేసి, అందినచోటల్లా అప్పు తెచ్చి, తొలితీత పత్తి అంతా కొని రేకుల షెడ్డులో బోరాలు పేర్పించారు. నవంబరు 19న తుఫాను వచ్చింది. దివిసీమ ఉప్పెన అని మీరంతా వినే ఉంటారు, ఆ తుఫానే. చీరాల దగ్గర తీరం దాటింది. చీరాల 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళిపోయింది గానీ అప్పుడు మా ప్రకాశం జిల్లాదే. ఆ రాత్రి మా షెడ్డు రేకులు లేచిపోయాయి. తెల్లారి వెళ్ళి చూస్తే వరలక్ష్మి నీళ్ళోడుతూ ఉంది. తడిసిన పత్తి వారానికల్లా మచ్చపడి, లోపల్లోపల ఉడికిపోయింది. దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారన్న వార్తలు వస్తూంటే, మన పత్తి సంగతి పైకి చెప్పుకోవడానికే నాన్నకు సిగ్గేసేది. "అక్కడ మనుషుల్ని లెక్కపెడుతున్నారు, మనం బోరాలు లెక్కపెట్టుకోడవేమిటి" అనేవారు.

సంక్రాంతికల్లా ఇల్లు అమ్మేశాం. ఒక పెరటివాటా అద్దెకు తీసుకుని అందులోకి మారాం. నాన్న ఒక కొట్లో గుమాస్తాగా చేరారు. వేసవిలో దగ్గరి చుట్టాల ఇంట్లో పెళ్ళయితే వెళ్ళాం. పంక్తిలో నా పక్కన కూచున్న నా ఈడు పిల్ల, పెద్దవాళ్ళు మాట్లాడుకునేది విన్నది కాబోలు, విస్తట్లో బూరె తుంచుకుంటూ అడిగింది, "ఏవే, మీ నాన్నకి చిప్ప చేతికొచ్చిందటగా? ఎలా ఉంటుంది? సత్తుదా, ఇత్తడిదా?" ఎగతాళికి అన్లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే మరీ తగిలింది.

మర్నాడు ఇంటికొచ్చేసరికి అమ్మ పెరట్లో పీట వేసుకుని మామిడికాయలు చెక్కు తీస్తోంది. మాగాయకు. ఆ ఏడు వేసవిలో ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు "మీ చేతి మాగాయ బాగుంటుందటగా, డబ్బులిస్తాం, మాకూ కాస్త పెట్టిపెట్టరా" అన్నారని మొదలెట్టింది. ఆ తర్వాత ప్రతి వేసవీ అదే పని. కాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడ్రోజులు ఊరనిచ్చి, ముక్కలు పిండి ఎండబెట్టి, ఊట కూడా ఎండలో పెట్టి, మళ్ళీ రెండూ కలిపి, గుంటూరు మిరప్పొడీ మెంతిపిండీ వేసి ఇంగువ పోపు పెట్టాలి. పది కాయలకైతే ముచ్చట. వందల కాయలకైతే నడుములు పడిపోతాయి.

చెక్కు తీయడానికి అమ్మ దగ్గరున్నది కత్తిపీట కాదు, ఆల్చిప్ప. సముద్రపుది కాదు, చెరువులో దొరికేది, అరచేతిలో ఇమిడేంత. దాని వీపు ఉబ్బుగా ఉన్నచోట సానరాతి మీద అరగదీస్తే నడుమ చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు కత్తికన్నా వాడి. కాయమీద ఆనించి లాగితే పచ్చటి చెక్కు చిల్లులోంచి సన్నగా రిబ్బనులా పైకొస్తుంది. కండ పోదు, చెయ్యి తెగదు. లోపలి ప్రాణిని మా ఇళ్ళల్లో ఎవరూ తినరు. మాకు కావలసింది ఆ పెంకే. ఇప్పుడు బజార్లో దొరికే పీలరు ఆ చిప్పకి మనవరాలే అనుకోండి.

నేను వాకిట్లోనే నించుని భోరుమన్నాను. ఎందుకే అంటే చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత తన చేతికేసి చూసుకుంది. చేతిలో చిప్ప. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "నిజవేనే! వచ్చింది. ఇదిగో, చేతికి వచ్చింది. అబద్ధమేం ఆడారు వాళ్ళు? ఇది రాబట్టే కదా నీ స్కూలు ఫీజు కట్టాను" అంది.

నాన్న లోపల చాపమీద పడుకుని ఉన్నారు. విన్నారని అప్పుడు నాకు తెలీదు. మర్నాడు తెల్లవారుజామున బరబరమని చప్పుడైతే లేచి చూశాను. నాన్న బావిగట్టు దగ్గర కూచుని సానరాతి మీద రెండో ఆల్చిప్ప అరగదీస్తున్నారు. ఆ వేసవి సాయంత్రాలు కొట్లోంచి రాగానే ఆయన కూడా ఒక పీట వేసుకుని కూచునేవారు. వీధిలోంచి ఎవరైనా వస్తే అమ్మ "లోపలికెళ్ళండి" అనేది. ఆయన వెళ్ళేవారు కాదు.

వాళ్ళిద్దరికీ సిగ్గు పోయింది. నాకు మాత్రం పోలేదు.

ఆ మాట నా నోట పలకడం మానేశాను. కొబ్బరిచిప్ప అనాల్సి వస్తే కొబ్బరిచెక్క అనేదాన్ని. 1985లో నా పెళ్ళయింది. అత్తవారింటికి అమ్మ ఒక జాడీ మాగాయ పంపింది. మా అత్తగారు రుచి చూసి, "మీ అమ్మగారిది మంచి చెయ్యి. ఇంత పనితనం ఇంటి వాడకానికే అయితే రాదే!" అని మెచ్చుకున్నారు. అప్పుడు అమ్మ అక్కడే ఉంది, నన్ను దిగబెట్టడానికి వచ్చి. నేను గబుక్కున, "అబ్బే, సరదాకే పెడుతుందండీ, చుట్టాలందరికీ పంచడానికి" అన్నాను. అమ్మ నా వంక చూసింది. కోపంగా కాదు. కాస్త ఆశ్చర్యంగా. "అవునండీ, సరదాకే" అంది.

నా చదువూ, నా పెళ్ళిచీరా, ఆ పూట నేను కట్టుకున్న చీరా కూడా ఆ సరదాలోవే.

ఎన్నోసార్లు ఆ మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను. ఇవాళా రేపా అనుకుంటూండగానే నాన్న పోయారు, 2009లో అమ్మా పోయింది. అమ్మ పెట్టె తెరిస్తే, పట్టుచీర మడతల మధ్య పాతగుడ్డలో చుట్టి రెండు ఆల్చిప్పలున్నాయి. ఒకటి అమ్మది, అంచులు నున్నగా అరిగి. ఒకటి నాన్న చేసింది, చిల్లు కాస్త వంకరగా. తమ్ముడు "ఇవెందుకక్కా, పారేద్దాం" అన్నాడు. నేను తెచ్చుకుని మా పోపులపెట్టె వెనకాల దాచాను. దాచడం కూడా ఒక రకం సిగ్గేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ముత్యాల గురించి పెద్దలు ఒక మాట చెబుతారు, స్వాతికార్తెలో చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని. శాస్త్రం అలా అనదు. లోపలికి ఏ పరాన్నజీవో మరేదో గుచ్చుకునేది చొరబడితే, ఆ మెత్తటి ప్రాణి దాన్ని బయటికి నెట్టలేక, చిప్ప లోపలిపూత పూసిన పదార్థాన్నే దానిమీద పొరలు పొరలుగా కప్పుతుందిట. అదే ముత్యం. నాకు గుచ్చుకున్న మాటమీద నేనూ ఇన్నేళ్ళూ పొరలు కప్పుతూనే వచ్చాను. కానీ ముత్యమేం కాలేదు. కప్పడానికి నేను వాడింది అబద్ధం గనక కాబోలు.

ఇదంతా మనవరాలికి చెప్పాను, అత్తగారి ముందు ఆడిన మాట కూడా. మావారికి అదొక్కటే కొత్త. ఆయన కాసేపు ఊరుకుని, "మా అమ్మకి తెలుసులే. మీ అమ్మగారు మాగాయ అమ్ముతారని పెళ్ళిచూపుల ముందే ఎవరో చెప్పారు. అంత కష్టపడే ఇంటి పిల్లని తెచ్చుకుందామనే పట్టుబట్టింది" అన్నారు.

నలభై ఏళ్ళు! ఒక్కసారైనా చెప్పాలని తోచలేదా అని ఆయనమీద విసుక్కున్నాను. నిఘంటువులో ఉంటే వెదికి మరీ చెప్పేవారు. మా అత్తగారిమీద విసుక్కుందామంటే ఆవిడా లేరు. అమ్మకి చెప్పుకుందామన్నా అమ్మ లేదు.

మనవరాలు ఇదేమీ పట్టించుకోలేదు. వంటింట్లోకి పరుగెత్తి, పోపులపెట్టె వెనక వెదికి, గుడ్డమూట తెచ్చింది. విప్పి, నాన్న చేసిన చిప్ప వెలుతురుకు ఎత్తి, వంకర చిల్లులోంచి ఒక కన్ను మూసి నన్ను చూసింది. లోపలివైపు ఇంకా కాస్త ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తూనే ఉన్నాయి.

మర్నాడు మావారు బజారుకెళ్ళి పాతిక పుల్లటి కాయలు పట్టుకొచ్చారు. నేలమీద కూచోకూడదన్నారు కదా, నేను ఎత్తుపీట వేసుకున్నాను. మొదటికాయ నేను చెక్కు తీసి చూపించాను. చెయ్యి మర్చిపోలేదు. రెండో కాయ తియ్యబోతూంటే పిల్ల ఓపిక పట్టలేక అరచెయ్యి చాపింది.

"అమ్మమ్మా, నువ్వు లే. ఆ చిప్ప నా చేతికియ్యి!"

ఇచ్చాను.